బ్యాంకు మూసేశాక చెల్లో

(సిబ్బంది కుటుంబాల ఆత్మీయ సమావేశంలో మన సీనియర్ మేనేజర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాల్లో నన్ను మాట్లాడమన్నప్పుడల్లా మొండి బాకీల గురించో, పదవీ విరమణ డబ్బు జాగ్రత్త గురించో చెబుతూ ఉంటాను. ఈసారి మా ఆవిడ ముందే హెచ్చరించింది. "పిల్లలు కూడా వస్తారు, ఎన్‌పీఏల మాట ఎత్తకండి" అంది. అందుకే ఇవాళ సంగీతం గురించి మాట్లాడదామనుకున్నాను. మన సంగీతం కూడా కాదు. 200 ఏళ్ళ కిందట జర్మనీలో ఇద్దరు కలిసి వాయించడానికి అచ్చు వేసిన నొటేషన్ కాగితాల గురించి. కంగారు పడకండి, ఇందులోనూ ఒక బ్యాంకు ఉంది, ఒక బ్యాంకరు ఉన్నాడు. చివర్లో మా అక్క కూడా ఉంది.

పోయినేడు సెలవు పెట్టి బెర్లిన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. తొమ్మిదేళ్ళ మా మనవరాలు అక్కడ చెల్లో నేర్చుకుంటోంది. చెల్లో అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. వయొలిన్ కుటుంబానికి చెందిన పెద్ద వాద్యం. కుర్చీలో కూర్చుని, నేల మీద నిలబెట్టి, మోకాళ్ళ మధ్య ఆనించుకుని కమానుతో వాయిస్తారు. నాలుగు తీగలు. కింది తీగ మీద కమాను పడితే మగవాడి గొంతులో అట్టడుగు స్వరంలా గంభీరంగా ఉంటుంది. పై తీగకి వచ్చేసరికి అదే వాద్యం తీయగా పాడుతుంది.

ఒకరోజు ఆ పిల్లని క్లాసుకి నేనే తీసుకెళ్ళాను. టీచరుగారు పియానో ముందు కూర్చున్నారు. ఆవిడ ముందు లావుపాటి పుస్తకం. మా పిల్ల ముందు రెండే రెండు కాగితాలు. ఇద్దరూ వాయిస్తున్నది మాత్రం ఒకటే పాట. బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా, రెండు చోట్లా లెక్క టాలీ అవ్వాలి. బయటికి వచ్చాక అడిగాను: "నీ కాగితంలో టీచరుగారు వాయించేది లేదేమే?"

"అది టీచర్ దగ్గరే ఉంటుంది తాతయ్యా. నాది మాత్రమే నా దగ్గర ఉంటుంది. మిగతాది నేను వినాలి" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు వెళ్ళి టీచరుగారిని అడిగితే పుస్తకం తెరిచి చూపించారు. పియానో వాయించేవాళ్ళ పుస్తకంలో మూడు వరుసలు ఉంటాయి. కింది రెండు వరుసలు పియానోవి, కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి. వాటి పైన సన్నని అచ్చులో చెల్లో వరుస. అంటే పియానో మనిషికి మొత్తం కనిపిస్తుంది. చెల్లో మనిషికి తన వరుస ఒక్కటే. ఎక్కడైనా పది గదులు ఊరుకోవలసి వస్తే అక్కడ ఒక గీత గీసి పైన 10 అంకె వేస్తారు. ఆ పదీ మనసులో లెక్కపెట్టుకుంటూ, పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో చెవి పెట్టి వింటూ, సరిగ్గా సమయానికి అందుకోవాలి. మన భాషలో చెప్పాలంటే పియానో దగ్గర లెడ్జరు ఉంటుంది, చెల్లో దగ్గర పాస్‌బుక్ ఉంటుంది.

ఇంకో సంగతి. పియానో వాయించేవాళ్ళ రెండు చేతులూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. పేజీ తిప్పడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. చెల్లో కాగితాన్ని అచ్చువేసేటప్పుడు మాత్రం వీలైనంత వరకు పేజీ చివర్లో కాస్త విరామం వచ్చేలా సర్దుతారు, వాళ్ళ పేజీ వాళ్ళే తిప్పుకోవడానికి. ఎంత ముందుచూపో చూడండి.

మన కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం వాయించేవారి ముందు కాగితమే ఉండదు. పాడేవారి గొంతు వెంట చెవితో నడుస్తారు. పాశ్చాత్య సంగీతంలో అన్నీ కాగితం మీదే ఉంటాయి, చూసి వాయించేస్తారని నేను ఇన్నాళ్ళూ తేలిగ్గా అనుకునేవాణ్ణి. సగం కాగితంతో కూర్చున్నవాడు రెట్టింపు వినాలని మా మనవరాలు చెబితేగాని నాకు తెలియలేదు.

నేను బ్యాంకు మనిషినని తెలిసి టీచరుగారు నవ్వుతూ అన్నారు: "అయితే మీరు యేగర్‌స్ట్రాసె చూడాల్సిందే. చెల్లో కోసం రాసిన మంచి సంగీతంలో కొంత ఒక బ్యాంకరు వల్ల వచ్చింది."

వెళ్ళాం. బెర్లిన్ నడిబొడ్డున యేగర్‌స్ట్రాసె 51 నంబరు. 1815 నుంచి మెండెల్సన్ అండ్ కంపెనీ బ్యాంకు ఉన్న చోటు అది. ఇప్పుడక్కడ ఆ కుటుంబం మీద చిన్న ప్రదర్శనశాల నడుస్తోంది, కచేరీలూ జరుగుతాయి. మనవాళ్ళు అక్కడికి వెళితే తప్పక చూడవలసిన చోటు.

ఆ కుటుంబం కథ కొంచెం చెబుతాను. తాత మోజెస్ మెండెల్సన్ పెద్ద తత్త్వవేత్త. ఆయన కొడుకుల్లో పెద్దవాడు జోసెఫ్ 1795లో బ్యాంకు పెట్టాడు. తరవాత తమ్ముడు ఆబ్రహామ్ కూడా అందులో చేరాడు. ఈ ఆబ్రహామ్‌కి నలుగురు పిల్లలు. 1805లో ఫ్యానీ, 1809లో ఫెలిక్స్, 1811లో రెబెకా, 1812లో పాల్. ఫెలిక్స్ మెండెల్సన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఇంగ్లీషు సినిమాల్లో పెళ్ళయి బయటికి వచ్చేటప్పుడు వినిపించే ఆ పెళ్ళి బాజా ఆయనదే.

ఆ ఇంట్లో ఆదివారాలు సంగీతం జరిగేది. చుట్టాలు, స్నేహితులు, ఊళ్ళోకి వచ్చిన విద్వాంసులు కూడేవారు. ఫ్యానీ, ఫెలిక్స్ ఇద్దరూ పియానోలో దిట్టలు. చిన్నవాడు పాల్ చెల్లో పట్టుకున్నాడు. చదువయ్యాక పాల్ కుటుంబ వృత్తిలోకే వెళ్ళాడు. బ్యాంకరయ్యాడు. చెల్లో మాత్రం వదల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. 1829 జనవరిలో, మరో నాలుగు రోజుల్లో 20 నిండుతాయనగా, ఫెలిక్స్ తమ్ముడి కోసం పియానో, చెల్లో కలిసి వాయించే ఒక రచన చేశాడు. పేరు 'వేరియేషన్స్ కన్సెర్తాంత్', 17వ ఓపస్. ఓపస్ అంటే అచ్చయిన రచనకి వేసే వరుస సంఖ్య, మన వోచరు నంబరులాగ. అప్పటికి పాల్‌కి 16 ఏళ్ళు. ఒక చిన్న పాటలాంటి వరుస మొదట వస్తుంది. తరవాత దాన్నే ఎనిమిది రకాలుగా మార్చి మార్చి వాయిస్తారు. మన విద్వాంసులు ఒకే పల్లవి మీద సంగతులు వేసినట్టు ఉంటుంది. మొత్తం తొమ్మిది పది నిమిషాలు. పియానో భాగం బాగా కష్టం, ఎందుకంటే అది అన్నగారు తన కోసం రాసుకున్నది. చెల్లో భాగం శ్రద్ధగా సాధన చేసిన ఇంటి వాద్యకారుడికి అందేలా ఉంటుంది. అయినా తమ్ముణ్ణి చిన్నబుచ్చలేదు. మాట ఒకసారి ఇతను అందుకుంటాడు, ఒకసారి అతను. 'కన్సెర్తాంత్' అన్న మాటలోనే ఇద్దరూ సమానంగా పాలుపంచుకునేది అన్న భావం ఉంది.

ఆ చలికాలంలో ఫెలిక్స్ ఎంత పనిలో ఉన్నాడో తెలుసా? జనం దాదాపు మరిచిపోయిన బాఖ్ మహారచన 'సెయింట్ మాథ్యూ ప్యాషన్'ని మళ్ళీ వినిపించడానికి వందమందికి పైగా గాయకులను పోగుచేసి సాధన చేయిస్తున్నాడు. మార్చి 11న బెర్లిన్‌లో అది జరిగి సంగీత చరిత్రలోకి ఎక్కింది. అంత హడావుడిలో కూర్చుని తమ్ముడి కోసం ఈ కాగితాలు రాశాడు.

మళ్ళీ 1838లో, లైప్జిగ్‌లో పేరుమోసిన ఆర్కెస్ట్రాకి నాయకుడిగా ఉన్నప్పుడు, పాల్ కోసమే ఒక పూర్తి సొనాటా రాశాడు, 45వ ఓపస్. సొనాటా అంటే మూడు నాలుగు భాగాలుగా సాగే పెద్ద రచన. ఇందులో మూడు భాగాలు. పెద్ద పెద్ద హంగులేమీ లేవు. పగలంతా లెక్కలతో కుస్తీపట్టి ఇంటికి వచ్చినవాడి మనసు తేలికపరిచేలా ఉంటుంది.

ఇక్కడ ఆగి ఒక మాట. ఆ కాలాన్ని రొమాంటిక్ యుగం అంటారు. ప్రేమకథల యుగమని అర్థం కాదు. మనకి భావకవిత్వం వచ్చినప్పుడు ఏం జరిగిందో అక్కడ సంగీతంలో అలాంటిది జరిగింది. మనిషి లోపలి బాధ, దిగులు, ఆశ స్వరాల్లోకి వచ్చాయి. దానికి చెల్లో గొంతు బాగా అతికింది. అంతకుముందు చెల్లో పని ఎక్కువగా కింది శ్రుతిలో ఆధారం ఇవ్వడం. 1796లో బీథోవెన్ ఇదే బెర్లిన్‌కి వచ్చి, స్వయంగా చెల్లో వాయించే ప్రష్యా రాజు కోసం రెండు సొనాటాలు రాశాక ఈ జంటకి దారి ఏర్పడింది. అయినా వాటి మీద పేరు పియానోదే ముందు. 'పియానో, చెల్లో సొనాటా' అని అచ్చు వేసేవారు.

ఈ జంట కోసం ఆ యుగంలో వచ్చిన రచనలు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. చాలావాటి వెనక ఒక ఇంటి మనిషో, స్నేహితుడో ఉంటాడు. షోపాన్ జీవితమంతా దాదాపు పియానోకే రాసి, చివర్లో 1846 ప్రాంతంలో చెల్లో సొనాటా రాశాడు. అది స్నేహితుడు ఫ్రాంకోమ్ కోసం. 1848 ఫిబ్రవరి 16న తన ఆఖరి ప్యారిస్ కచేరీలో ఆ స్నేహితుడితోనే కలిసి అందులో మూడు భాగాలు వాయించాడు. నార్వే దేశపు గ్రీగ్ 1883లో రాసిన సొనాటా తన అన్న జాన్‌కి అంకితం. జాన్ వ్యాపారి, ఇంట్లో చెల్లో వాయించేవాడు. బ్రామ్స్ తన మొదటి చెల్లో సొనాటాని 1865లో పూర్తిచేసి న్యాయశాస్త్రం చదివిన ఒక స్నేహితుడికి అంకితమిచ్చాడు. ఇద్దరూ కలిసి వాయిస్తుంటే బ్రామ్స్ పియానోని బాదేస్తున్నాడట. "నా చెల్లో నాకే వినిపించడం లేదు" అన్నాడట స్నేహితుడు. "అదృష్టవంతుడివి" అన్నాడట బ్రామ్స్. సంగీతం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. మన ఇళ్ళలో కూడా ఒకరు పియానో, ఒకరు చెల్లో. ఎవరు ఏదో మీ ఇంట్లో మీరే తేల్చుకోండి.

ఈ కాగితాలు ఎలా తయారయ్యేవో కూడా చెప్పాలి. ప్యూటర్ అనే మెత్తని లోహపు పలక మీద అయిదు గీతలు గీసి, స్వరాల గుర్తులను చిన్న చిన్న ఉక్కు ముద్రలతో ఒక్కొక్కటిగా కొట్టేవారు. అదీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి. ఒక పేజీ పలక కొట్టడమంటే నిపుణుడికి కూడా గంటల పని. అందుకే షీట్ మ్యూజిక్ ఖరీదైన వస్తువు. కొనలేనివాళ్ళు చేత్తో నకలు రాసుకునేవారు. 1867 నవంబరులో జర్మనీలో పెద్ద మార్పు వచ్చింది. చనిపోయి 30 ఏళ్ళు దాటిన రచయితల మీద కాపీరైటు తొలగిపోయింది. ఆ ఏడే లైప్జిగ్‌లోని పీటర్స్ సంస్థ చౌక ప్రతులు వేయడం మొదలుపెట్టింది. గుమాస్తాల ఇళ్ళలోకి, బడిపంతుళ్ళ ఇళ్ళలోకి బీథోవెన్ వచ్చాడు. 1847లో పోయిన మెండెల్సన్ వంతు మరో పదేళ్ళకి వచ్చింది.

ఇంతవరకు ఫెలిక్స్, పాల్ కథ చెప్పాను. ఆ ప్రదర్శనశాలలో నన్ను నిలబెట్టేసింది మాత్రం వాళ్ళ అక్క కథ.

ఫ్యానీ తమ్ముడికి ఏమాత్రం తీసిపోని మనిషి. ఇద్దరూ ఒకే గురువుల దగ్గర నేర్చుకున్నారు. 1820లో, ఆమెకి 14 ఏళ్ళప్పుడు, తండ్రి ఆమెకి ఒక ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కి వృత్తి కావచ్చుగాని నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలని దాని సారాంశం. ఆయన దుర్మార్గుడు కాడు. పిల్లలకి ఆస్తిలా చదువు పంచిన తండ్రి. ఆ కాలంలో మర్యాదస్తుల ఇంట్లో అది మామూలు మాట.

ఆమె పాటలు ఆరు, ఫెలిక్స్ పేరు మీద అచ్చయ్యాయి. 1842లో లండన్‌లో విక్టోరియా రాణి ఫెలిక్స్ పాటల పుస్తకంలోంచి తనకిష్టమైన పాట పాడితే, అది తనది కాదు, మా అక్కది అని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఫ్యానీ భర్త హెన్సెల్ చిత్రకారుడు. 1829లో వాళ్ళ పెళ్ళయింది. రాయి, అచ్చు వేయించు అని ఆమెను ప్రోత్సహించిన మనిషి ఆయనే. తమ్ముడు ఫెలిక్స్ మాత్రం చాలా ఏళ్ళు దానికి సుముఖంగా లేడు. చివరికి 1846లో, 40 ఏళ్ళ వయసులో ఆమె ధైర్యం చేసి తన పేరుతో పాటలు అచ్చుకిచ్చింది. మరుసటి ఏడు మే 14న ఇంట్లో ఆదివారం కచేరీకి సాధన చేయిస్తుండగా పక్షవాతం వచ్చి అదే రోజు పోయింది. ఆ దిగులుతోనే ఫెలిక్స్ నవంబరు 4న 38 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. పాల్ మిగిలాడు. 1861లో అన్న ఉత్తరాలను పుస్తకంగా అచ్చువేయించింది పాలే.

చెల్లో మాటకి వస్తే, ఫెలిక్స్ తమ్ముడి కోసం 17వ ఓపస్ రాసిన ఆ రోజుల్లోనే ఫ్యానీ కూడా పియానో, చెల్లోల కోసం రెండు చిన్న రచనలు చేసింది. ఒకటి ఫాంటసియా, ఒకటి కప్రిచ్చో. అవీ ఆ చిన్న తమ్ముడి కోసమే. ఫెలిక్స్ రాసినవి అచ్చయి లోకమంతా తిరిగాయి. ఫ్యానీ రాసినవి ఆమె బతికుండగా అచ్చు కాలేదు. చేతిరాత కాగితాలుగానే నూరేళ్ళకి పైగా పడి ఉన్నాయి. ఇప్పుడు అచ్చులో దొరుకుతున్నాయి, వినడానికీ దొరుకుతున్నాయి.

అక్కడ నిలబడి ఆ సంగతి విన్నప్పుడు నాకు బెర్లిన్ కనపడలేదు. తెనాలిలో మా ఇంటి వసారా కనపడింది.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. పాట అక్కది. మేష్టారు వచ్చేది అక్క కోసం. నేను వయొలిన్ పట్టుకుంది మేష్టారు అడిగారని, వచ్చే ఫీజులోనే వీడికి కూడా చెబుతానన్నారని. అక్క పాడుతుంటే నేను వాయించేవాణ్ణి. నా చేతిరాత కోడి గీరినట్టు ఉండేది. అందుకని మేష్టారు చెప్పిన స్వరాలను నా కోసం అక్కే గుండ్రని అక్షరాలతో వేరే పుస్తకంలో రాసి పెట్టేది.

అక్క కచేరీలు చేయాలనుకుంది. మద్రాసు వెళ్ళి నేర్చుకుంటానంది. "ఆడపిల్లకి సంగీతం పెళ్ళిచూపుల దాకా చాలు" అన్నారు నాన్న. ఆయనా దుర్మార్గుడు కాడు. ఉన్న డబ్బు నా చదువుకి, తరవాత బ్యాంకు పరీక్ష కోచింగుకి పెట్టారు. అక్క పెళ్ళయ్యేనాటికి నాకు 16 ఏళ్ళు. నేనేమీ అనలేదు. అక్క పాట ఆగిపోయింది. అక్క లేకపోతే నాకూ వాయించబుద్ధి కాలేదు. 1990లో నాకు ఈ ఉద్యోగం వచ్చింది. వయొలిన్ పెట్టె పదకొండు బదిలీల్లో నాతో పాటు తిరిగింది, ప్రతి ఊళ్ళోనూ బీరువా మీదే. లారీలోంచి దించేటప్పుడు "జాగ్రత్త" అనేవాణ్ణి. తెరిచి చూసేవాణ్ణి కాదు.

బెర్లిన్ నుంచి వచ్చిన వారానికి తెరిచాను. తీగలు తెగి ఉన్నాయి. గుర్రం పడిపోయింది. కమాను వెంట్రుకలు పురుగులు తినేశాయి. బాగుచేయించుకుని రెండో శనివారం చూసి తెనాలి బండి ఎక్కాను. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పెట్టె చూసి, "ఎందుకురా ఇప్పుడిది, నా గొంతు ఎప్పుడో పోయింది" అంది. 64 ఏళ్ళ మనిషి.

ఫ్యానీ కథ చెప్పాను. అక్క వింటూ కాయలు ఒలుస్తూనే ఉంది. చెప్పడం అయ్యాక, "అక్కా, నాన్న వద్దన్నప్పుడు నేనొక్క మాట కూడా అనలేదు" అన్నాను.

"నువ్వప్పుడు ఇంటరు చదివే పిల్లాడివి. నువ్వేమంటావ్, నాన్న ఏం వింటారు?" అంది. కాసేపు ఆగి, "తరవాతైనా అడిగుండచ్చు" అంది. ఆ రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు. 40 ఏళ్ళ బాకీ అది. దాన్ని రైట్ ఆఫ్ చేసే అధికారం నాకు లేదు.

అక్క లేచి లోపలికి వెళ్ళి పాత ట్రంకు పెట్టెలోంచి ఒక నోటు పుస్తకం తెచ్చింది. నా కోసం రాసిన స్వరాల పుస్తకం. నా దగ్గర పోయిందనుకున్నది తన దగ్గర ఉంది. మొదటి పేజీలో పైన 'తమ్ముడికి' అని రాసి ఉంది.

ఆ రోజు మోహన వర్ణం ప్రయత్నించాం. అయిదున్నర శ్రుతిలో పాడిన మనిషి నాలుగుకి దిగింది. చిట్టస్వరం దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళు తిరగలేదు, ఆగిపోయాం. అక్క మళ్ళీ పల్లవి అందుకుంది. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నాం, మీరు పాడతారని తెలీదే" అంది. అప్పటి నుంచి రెండో శనివారం తెనాలి, నాలుగో శనివారం ఇంటి పనులు. కచేరీలు చేసే వయసు మాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

మెండెల్సన్ బ్యాంకు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ కుటుంబం యూదు మూలాలున్నది. నాజీల కాలంలో 1936లో లైప్జిగ్‌లో ఫెలిక్స్ విగ్రహం పడగొట్టారు. ఆయన సంగీతం జర్మనీలో వినిపించకుండా చేశారు. 1938లో, 140 ఏళ్ళకి పైగా నడిచిన ఆ బ్యాంకుని మూయించేశారు. అంత పెద్ద బ్యాంకు లెడ్జర్లు ఇవాళ చరిత్రకారులకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. బ్యాంకు మూసేశాక ఇంట్లో తమ్ముడు వాయించుకోవడానికి రాసిన కాగితాలు మాత్రం ఇవాళ మా మనవరాలి టీచరుగారి అలమారాలో ఉన్నాయి.

మీరు వినాలనుకుంటే ఖర్చేమీ లేదు. ఫోనులో ఫెలిక్స్ మెండెల్సన్ 17వ ఓపస్ అని వెతకండి. తరవాత ఫ్యానీ రాసిన ఫాంటసియా వినండి. కాపీరైటు ఎప్పుడో తీరింది కాబట్టి ఫెలిక్స్ షీట్ మ్యూజిక్ కూడా ఉచితంగా దొరుకుతుంది. మొదటిసారి చెల్లో ఒక్కటే వెంబడించండి. రెండోసారి పియానో ఎడమ చేయి వినండి. మూడోసారికి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎక్కడ ఆగుతున్నారో మీకే తెలుస్తుంది.

ఇక్కడున్న పిల్లలకి ఒక పని చెబుతాను. ఇవాళ ఇంటికి వెళ్ళాక అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో అడగండి: "నువ్వు ఉద్యోగంలో చేరకముందు, పెళ్ళి కాకముందు ఏం నేర్చుకున్నావు?" అని. జవాబు వెంటనే రాకపోవచ్చు. బీరువా మీద చూడండి.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయని మేనేజరుగారు సైగ చేస్తున్నారు. సెలవు.